ఇంజన్ ఆగాకే నీళ్ళకు పని

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు పెట్టి, తాళం జేబులో వేసుకుని లిఫ్ట్ దాకా వెళ్ళానో లేదో, వెనక నుంచి వాచ్‌మన్ కేకేశాడు. "సార్, బండి ఆపడం మర్చిపోయారు!" వెనక్కి వచ్చి చూశాను. ఇంజన్ ఆగే ఉంది. బానెట్ కింద మాత్రం ఎక్కడో సన్నగా ఝుమ్మంటోంది, చేపల తొట్టిలో గాలి మోటారు చప్పుడులాగా.

"ఇంజన్ కాదు. లోపల చిన్న నీళ్ళ మోటారు ఒకటుంది. కాసేపటికి దానంతటదే ఆగిపోతుందిలే" అన్నాను.

"ఇంజన్ ఆగిపోయాక ఇంకా నీళ్ళెందుకు సార్?"

అడగాల్సిన ప్రశ్నే. ఆ మోటారు తిప్పుతున్న నీళ్ళు వెళ్ళేది ఇంజన్‌లోని టర్బోకి. దానికి ఇంజన్ నడుస్తున్నంతసేపూ నీళ్ళతో పెద్దగా పని లేదు. ఆగాకే ఉంది.

మన రోడ్ల మీద ఇప్పుడు చిన్న కార్లలో కూడా టర్బో కనిపించడానికి సగం కారణం పన్నులు. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ మించకుండా ఉంటే పన్ను తక్కువ. ఇంజన్ చిన్నదైనా బలం పెద్దది కావాలి. అందుకు దారి గాలిని కుక్కి పంపడం. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుచీ ఈ ఉపాయానికి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే పొగ తోపుతో ఒక రెక్కల చక్రాన్ని తిప్పాలి. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి అసలు చిక్కంతా ఆ ఇరుసు దగ్గరే ఉంది.

కారు టర్బోలో ఇరుసు పెన్సిల్ కంటే పెద్ద లావుండదు. అది నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరగడం మామూలు సంగతి. ఒక చివర పొగ తగిలే చక్రం. పెట్రోల్ ఇంజన్‌ను గట్టిగా తొక్కితే అక్కడి పొగ 900 డిగ్రీలు దాటుతుంది, చీకట్లో చూస్తే ఆ చక్రం చుట్టూ ఉన్న ఇనుప గుల్ల ఎర్రగా మెరుస్తుంది. రెండో చివర అల్యూమినియం చక్రం, బయటి గాలి. ఈ రెంటి మధ్య నాలుగు వేళ్ళ దూరం కూడా ఉండదు. ఆ కాస్త జాగాలోనే ఇరుసును మోసే బుష్‌లుంటాయి. ఇరుసు బుష్‌కు తగలకుండా ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ పొర మందం తల వెంట్రుక కంటే తక్కువ.

ఇంజన్ నడిచేటప్పుడు ఈ ఏర్పాటు బాగానే సాగుతుంది. ఆయిల్ పంపు నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ బుష్‌లను తడిపి, దొరికిన వేడిని మోసుకుని కింద సంప్‌లోకి జారిపోతుంది. ఏ చుక్కా అక్కడ ఒక్క క్షణానికి మించి నిలవదు. వేడెక్కేలోపే వెళ్ళిపోతుంది, దాని వెనక ఇంకో చుక్క వస్తుంది. రైల్వే స్టేషన్‌లో పెసరట్టు వేసేవాడు వేడి పెనం మీద నీళ్ళు చిలకరించి, అవి మరిగేలోపే చీపురుతో ఊడ్చేసినట్టు.

ఇప్పుడు తాళం తిప్పి ఇంజన్ ఆపేయండి. ఆయిల్ పంపు ఇంజన్‌తోనే ఆగుతుంది. బుష్‌లో మిగిలేది కొన్ని చుక్కలు, అవి కదలవు. పక్కనున్న ఇనుప గుల్ల, దాన్ని పట్టుకున్న పొగ గొట్టం, అంటే మానిఫోల్డ్ మాత్రం ఎంత కాగి ఉన్నాయో అంతే కాగి ఉంటాయి. ఇంట్లో రాచ్చిప్పలో పప్పుపులుసు కాచేవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పొయ్యి కట్టేసి చిప్ప దించి పక్కన పెట్టినా పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది. మంట ఆగింది గానీ రాయి తాగిన వేడి ఎక్కడికి పోతుంది? టర్బోలో ఇనుముదీ అదే తంతు. ఇంతసేపూ ఆ వేడిని గాలీ ఆయిలూ పంచుకుని మోసుకెళ్ళాయి. ఇప్పుడు మోసేవాళ్ళు లేరు. కొంత వేడి బానెట్ కింది గాలిలోకి పోతుంది. మిగతాది ఇరుసు వెంబడి, గుల్ల అంచు వెంబడి, చల్లగా ఉన్న లోపలి వైపుకి పాకుతుంది.

అందుకే బుష్ దగ్గర వేడి ఇంజన్ ఆపగానే దిగదు. ఎక్కుతుంది. ఆపిన కొన్ని నిమిషాలకు గానీ అది శిఖరానికి చేరదు. మీరు లిఫ్ట్ ఎక్కి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగుతున్న సమయానికి అన్నమాట.

ఎంత వేడి ఉంటుందో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. గుల్లా మానిఫోల్డూ కలిపి నాలుగు కిలోల ఇనుము అనుకోండి. 650 డిగ్రీల దగ్గర ఇంజన్ ఆపారు. అది 150కి దిగాలి. కిలో ఇనుము ఒక డిగ్రీ చల్లబడితే సుమారు అర కిలోజౌల్ వదులుతుంది. నాలుగు కిలోలు, ఐదువందల డిగ్రీలు, మొత్తం వెయ్యి కిలోజౌల్స్. కుళాయి నీళ్ళు మూడు లీటర్ల పైచిలుకు మరిగించడానికి సరిపడే వేడి. ఇందులో నాలుగో వంతు లోపలికి వచ్చినా, అక్కడ దాన్ని తీసుకోవడానికి ఉన్నది చెంచాడు ఆయిల్.

ఆ ఆయిల్ ఏమవుతుందో బెజవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి బల్ల మీద చూశాను. పాడైన టర్బో లోపలి కోర్‌ను విప్పి పరిచాడు. ఇరుసు మీద, పొగ చక్రం వైపు, నల్లటి పెచ్చు. గోరుతో గీకితే రాలేదు. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే బొగ్గు రజనులా పెళుసుగా విరిగింది. అచ్చం అడుగంటిన గిన్నె మాడు. మినరల్ ఆయిల్ 200 డిగ్రీలు దాటాక కదలకుండా నిలబడితే అందులో తేలికైన భాగం ఆవిరై, మిగిలింది ముందు జిగురుగా, తర్వాత బొగ్గుగా మారుతుంది. మంచి సింథటిక్ ఆయిల్ ఇంకొంత ఓర్చుకుంటుంది, అంతే. ఒక్కసారి వేడి మీద ఆపినందుకు టర్బో పోదు. పొర మీద పొర పేరుకుని ఆయిల్ వచ్చే సన్నపు బెజ్జాన్ని సగం మూసేస్తుంది. అప్పుడు ఆయిల్ చాలదు. ఆయిల్ చాలకపోతే మరింత వేడి, మరింత మాడు. ఇరుసు అరిగి బుష్‌లో కొట్లాడడం మొదలవుతుంది. మేస్త్రులు దాన్ని "షాఫ్ట్ ప్లే వచ్చింది" అంటారు. వెనక నీలిపొగ వచ్చేసరికి కథ చివరికొచ్చినట్టే.

లారీ డ్రైవర్లు శిష్యులకు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి ఇక్కడిదే: "ఆపే ముందు రెండు నిమిషాలు స్లోలో ఉంచరా." కొందరు దీనికి చెప్పే కారణం, టర్బో ఇంకా తిరుగుతుండగా ఆయిల్ ఆగిపోతుందని. అదీ నిజమే, అది వేరే ప్రమాదం. యాక్సిలరేటర్ నొక్కి, ఆ ఊపులోనే ఇంజన్ ఆపితే చక్రం కొన్ని సెకన్లు ఒత్తిడి లేని ఆయిల్ మీద తిరుగుతుంది. దానికి విరుగుడు ఐదారు సెకన్ల నిదానం చాలు. రెండు నిమిషాలు అడిగేది వేడి. స్లోలో ఉన్న డీజిల్ ఇంజన్ నిండుగా గాలి పీల్చి చిటికెడు డీజిల్ కాలుస్తుంది, కాబట్టి దాని పొగ గుల్ల కంటే చాలా చల్లగా ఉంటుంది. ఇంతసేపూ గుల్లను కాల్చిన పొగే ఇప్పుడు దాన్ని చల్లారుస్తుంది. పెట్రోల్ ఇంజన్‌కు ఈ సుగుణం తక్కువ. స్లోలో అది పీల్చే గాలే కొంచెం, అందులో పెట్రోల్ పాలు మాత్రం తగ్గదు. పొగ వేడిగానే వస్తుంది. కాబట్టి లారీ సూత్రాన్ని పెట్రోల్ కారుకు ఉన్నదున్నట్టు తగిలిస్తే అంత ఫలితం రాదు. పైగా పెట్రోల్ కారుకు వేడీ ఎక్కువే.

1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ స్పైడర్ టర్బోతో బజారుకొచ్చాయి. 1977లో స్వీడన్ సాబ్ కంపెనీ 99 టర్బోను ప్రదర్శనకు పెట్టింది. ఈ తరం కార్లలో టర్బోను చల్లబరిచే భారం ప్రధానంగా ఆయిల్ మీదే. జపాన్‌లో దీనికొక చిట్కా పరికరం పుట్టింది, పేరు టర్బో టైమర్. తాళం తీసేసి వెళ్ళిపోయినా ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు స్లోలో నడిపి, తర్వాత ఆపేస్తుంది. డ్రైవర్ లేని బండి, నడుస్తున్న ఇంజన్. నాకు ఆ ఏర్పాటు ఎప్పుడూ నచ్చలేదు. రోగికి బదులు డాక్టరు మందు మింగినట్టుంటుంది. వేడి ఉన్నచోట వేడిని తీయాలి గానీ, అందుకోసం ఇంకొంత పెట్రోల్ కాల్చడమేమిటి?

1980లలో నీటి తొడుగు వాడుకలోకి వచ్చింది. బుష్‌లున్న మధ్య గుల్లను పోత పోసేటప్పుడే దాని చుట్టూ ఖాళీ దారి వదిలి, అందులోంచి ఇంజన్ కూలెంట్‌ను పంపడం. నీళ్ళు అంటున్నాను గానీ అవి మంచినీళ్ళు కావు, గ్లైకాల్ కలిపిన కూలెంట్. బయటికి కనిపించేవి రెండు గొట్టాలే, ఒకటి నీళ్ళు వచ్చేది, ఇంకోటి పోయేది. ఇంజన్ నడిచేటప్పుడు ఇవీ కొంత వేడి మోస్తాయి, కాదనను. కానీ ఇంజన్ ఆగితే మామూలు నీళ్ళ పంపు కూడా ఆగుతుంది కదా. మరి ఆగిన నీళ్ళు ఆగిన ఆయిల్ కంటే ఏం మేలు?

రెండు మేళ్ళున్నాయి. మొదటిది, నీళ్ళు మరిగినా మాడవు. గాలిలో మరిగే నీరు కిలోకి 2257 కిలోజౌల్స్ తాగి గానీ ఆవిరి కాదు. అదే కిలో నీటిని 90 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 42 చాలు. అంటే మరుగు దగ్గర నీళ్ళు మింగే వేడి ఆ పది డిగ్రీలకు పట్టేదానికి యాభై రెట్లకు పైగానే. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలా ఒత్తిడి నిలుపుతుంది, గ్లైకాల్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి కారులో కూలెంట్ 120 డిగ్రీలు దాటాక గానీ మరగదు. అయినా ఆయిల్ మాడే వేడికి అది చాలా కిందే. మరిగే నీళ్ళు పక్కనుండగా ఆ గోడ దానికంటే ఎక్కువ వేడెక్కడం కష్టం. కాగితపు దొన్నెలో నీళ్ళు పోసి దీపం మీద పెడితే నీళ్ళు మరుగుతాయి గానీ దొన్నె కాలదే, అదే మర్మం.

రెండో మేలు ఇంకా ముచ్చటైంది. వేడెక్కిన నీళ్ళు తేలికవుతాయి. తేలికైనవి పైకి పోతాయి. పైనున్న చల్లటివి బరువుకు కిందికి దిగి, రెండో గొట్టం గుండా ఆ ఖాళీలోకి వస్తాయి. పంపు లేదు, కరెంటు లేదు. వేడే నీళ్ళను తిప్పుకుంటుంది. మన డాబాల మీది సోలార్ హీటర్లలో చాలావరకు పనిచేసేది ఇలాగే. కింద వాలుగా నల్లటి పలకలు, వాటి నెత్తిన ట్యాంకు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేకపోయినా, కరెంటు పోయినా, ట్యాంకులో నీళ్ళు కాగుతూనే ఉంటాయి. ట్యాంకును పలకల కంటే కింద పెట్టి చూడండి, పంపు లేకుండా చుక్క కదలదు. ఫోర్డ్ మోడల్ టి కారు లక్షలకు లక్షలు నీళ్ళ పంపు లేకుండా ఈ సూత్రం మీదే తిరిగింది. ఆ పాత విద్యను ఇంజన్ వదిలేసినా, ఆగిన ఇంజన్ మీది టర్బో మళ్ళీ పట్టుకుంది.

అయితే ఇదంతా ఒక్క షరతు మీద నడుస్తుంది. తాపీమేస్త్రులు బాత్‌రూమ్ గచ్చు వేసేటప్పుడు "వాటం" చూస్తారు, నీళ్ళు తూము వైపుకి వాటంగా పోవాలి. టర్బో గొట్టాలకూ వాటం కావాలి, కాకపోతే తలకిందులుగా. వేడి నీళ్ళు బయటికి పోయే గొట్టం టర్బో దగ్గర నుంచి రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంకు దాకా ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. మధ్యలో ఒక్క మూపురంలా లేచి దిగినా ఆవిరి బుడగ అక్కడ చేరి కూర్చుంటుంది, వెనకనున్న నీళ్ళను కదలనివ్వదు. టర్బోలు తయారుచేసే గారెట్ కంపెనీ తన సలహాల్లో ఇంకో మాట చెబుతుంది: మధ్య గుల్లను సుమారు 20 డిగ్రీలు తిప్పి బిగిస్తే, నీళ్ళొచ్చే రంధ్రం కిందికి, పోయే రంధ్రం పైకి అయి ఈ సహజ ప్రవాహం బాగా సాగుతుందని. గొట్టాలు సరిగ్గా అమరితే టర్బో టైమర్ అక్కర్లేదని కూడా ఆ కంపెనీ మాటే. బండికి బయట టర్బో బిగించుకునే కుర్రాళ్ళు బూస్ట్ ఎంత అని అడుగుతారు గానీ ఈ 20 డిగ్రీల గురించి అడిగినవాణ్ణి నేను చూడలేదు.

కంపెనీలకు అన్ని కార్లలోనూ వాటం కుదరదు. బానెట్ కింద చోటు తక్కువ, టర్బో ఒక మూల, ట్యాంకు ఇంకో మూల. అందుకే చాలా కార్లలో చిన్న కరెంటు పంపు పెట్టారు. ఇంజన్ ఆగిన తర్వాత ఎంత వేడి మిగిలి ఉండొచ్చో కంప్యూటర్ లెక్క చూసుకుని ఆ పంపును నడుపుతుంది. కాసేపు మార్కెట్‌కి వెళ్ళొచ్చిన రోజున అసలు తిరగకపోవచ్చు. ఎండలో హైవే మీద లాగించి వచ్చిన రోజున కొన్ని కార్లలో పది పదిహేను నిమిషాలు కూడా తిరుగుతుంది, ఒక్కోసారి రేడియేటర్ ఫ్యాన్ కూడా జతకలుస్తుంది. మా వాచ్‌మన్ విన్నది ఆ చప్పుడే.

సిగ్నల్ దగ్గర తనంతట తానే ఇంజన్ ఆపుకునే కార్లకు ఈ పంపు అవసరం మరీ ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కి దిగి, ఎర్రలైటు పడగానే ఆ కారు ఏ మర్యాదా పాటించకుండా ఇంజన్ ఆపేస్తుంది. అదే కారు యజమాని ఇంటికొచ్చి, ఎవరో చెప్పారని సెల్లార్‌లో రెండు నిమిషాలు పొగ వదులుతూ కూర్చుంటాడు! రోజుకు ఇరవైసార్లు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లేని గండం గుమ్మం ముందే వస్తుందా? ఊళ్ళో ఇంటికి వచ్చే చివరి కిలోమీటరు గోతులూ, గేదెలూ, స్పీడ్ బ్రేకర్లూ దాటుకుంటూ వస్తాం. టర్బోకు అంతకు మించిన చల్లార్పు లేదు. బండి కదులుతూ ఉంటుంది, గాలి తగులుతూ ఉంటుంది, ఇంజన్ మీద బరువుండదు.

జాగ్రత్త అవసరమైన చోట్లు వేరు. బెజవాడ నుంచి హైదరాబాద్ వస్తూ, వంద మీద వస్తున్న బండిని సూర్యాపేట దగ్గర టిఫిన్ కోసం హోటల్ ముందుకు తిప్పి, ఆగీ ఆగకముందే తాళం తీయడం. నిండా మనుషులతో, సామానుతో తిరుమల ఘాట్ ఎక్కి, పైన ఖాళీ కనిపించగానే బండి దూర్చి ఆపేయడం. ఇలాంటప్పుడు చివరి రెండు కిలోమీటర్లు మెల్లగా పోనివ్వండి, లేదా ఒక నిమిషం స్లోలో ఉంచండి. నీటి తొడుగు లేని టర్బోలతో నడిచే లారీలు, పాత డీజిల్ బండ్లు ఇంకా చాలానే ఉన్నాయి. వాటికి పాత డ్రైవర్ల మాటే శాస్త్రం.

ఇక నీళ్ళ సంగతి. టర్బో తొడుగులో దారి చాలా ఇరుకు, గొట్టాన్ని బిగించే బోల్ట్‌లో బెజ్జం ఇంకా ఇరుకు. ఇంజన్ ఆగిన ప్రతిసారీ నీళ్ళు ఉడికేది సరిగ్గా అక్కడే. కూలెంట్ తగ్గిందని దారిలో పెట్రోల్ బంకులో కుళాయి పట్టి నింపేవాళ్ళున్నారు. నేనూ నింపాను, ఒకసారి కాదు, వేసవంతా. గాఢతకు గాఢతా పోయింది, తుప్పు పట్టనివ్వని మందూ పలచబడింది. నీళ్ళు మరిగినచోట వాటిలోని ఉప్పులన్నీ అక్కడే దిగుతాయి. సున్నపు పొర వేడిని తేలిగ్గా దాటనివ్వదు. బెజ్జం సన్నబడితే పంపు తిప్పినా, వాటం కుదిరినా నీళ్ళు కదలవు. తొడుగు ఉన్నా లేనట్టే.

ఆటోనగర్ బల్ల మీద నేను చూసిన ఆ నల్ల పెచ్చు నా పాత కారు టర్బోదే. మేస్త్రి ఆయిల్ వైపు మాడు చూపించాక, కూలెంట్ గొట్టం బోల్ట్ తీసి వెలుతురుకు ఎత్తి పట్టాడు. బెజ్జంలోంచి వెలుతురు రాలేదు. సన్నటి తీగతో పొడిచాడు. అరచేతిలో తెల్లగా, గరుగ్గా, ముగ్గుపిండిలాంటిది రాలింది. రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఎక్కడి నీళ్ళు పోశారు సార్?"

"హైదరాబాద్‌లోవే. అపార్ట్‌మెంట్‌లో పట్టి డబ్బాలో పెట్టుకున్నా. దారిలో బంకులోవీ కొన్ని."

"అనుకున్నా. ఇవి కృష్ణ నీళ్ళు కాదు, బోరు నీళ్ళు" అన్నాడు. "మీ ఇంట్లో గీజర్ ఒకసారి విప్పించండి."